గట్టు దిగని గొలుసు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్నెవరూ నిలదీయకూడదు. నేను ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని కాను. నా నోటి దాకా వచ్చేసరికి తూనీగ గద్ద అవుతుంది, నాలుగు చినుకులు వరద అవుతాయి. మా ఆవిడ నేను చెప్పిన ప్రతిదాంట్లోంచి మూడో వంతు తీసేసి మిగిలింది నమ్ముతుంది. మా పాతికేళ్ల కాపురం ఆ తీసివేత మీదే నిలబడింది. మీరూ అలాగే చదువుకోండి. కాకపోతే ఇందులో నాలుగు అంకెలు వస్తాయి: నాలుగు వందలు, ఐదు వందలు, నాలుగు వందల ఇరవై, నాలుగు వందల ఎనభై. వాటిలోంచి మాత్రం ఏమీ తీయకండి. అవి ఒక చేనుకి నాలుగు వైపులా ఉన్న గట్ల పొడవులు, కొలత గొలుసు లింకుల్లో. వాటిని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఒళ్లు మండినప్పుడు నాకు కల్పన అక్కర్లేదు.

తొంభైల చివర్లో గుడివాడలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. కాలేజీ అంటే ఒకప్పటి బియ్యం మిల్లు గోడౌను. తరగతికి మూడు వందల మంది పిల్లలు. చివరి బెంచీవాడికి నా గొంతు చేరేసరికి మొదటి బెంచీవాడు రెండో లెక్క మొదలుపెట్టేవాడు. లెక్కలు చెప్పేవాణ్ణి అన్నాను గానీ, నిజానికి నేనెప్పుడూ లెక్కలు చెప్పలేదు. టూ-బి చెప్పాను.

తెలియనివాళ్లకు చెప్తాను. ఇంటర్మీడియెట్‌లో లెక్కల్ని నాలుగు పేపర్లుగా కోశారు. వన్-ఏలో త్రికోణమితి, సదిశలు. వన్-బిలో సరళరేఖలు, అవకలనం. టూ-ఏలో సంకీర్ణ సంఖ్యలు, సంభావ్యత. టూ-బిలో వృత్తాలు, సమాకలనం. పరీక్ష కోసం కోస్తే కోశారు, చేపనైనా ముక్కలు కోసే పులుసు పెడతాం. కానీ మా కాలేజీవాళ్లు ఆ నాలుగు ముక్కల్ని నాలుగు కుండల్లో వండి, ఒక కుండ వాసన ఇంకో కుండకి తగలకూడదన్నారు. పేపరుకో లెక్చరరు. పేపరుకో రంగు అట్ట నోటు పుస్తకం. వన్-ఏ ఆయనకి వన్-బి రాదని కాదు. వచ్చినా చెప్పకూడదు. చెప్తే అవతలాయన అన్నంలో చెయ్యి పెట్టినట్టు.

ఒకసారి ఒకమ్మాయి సంకీర్ణ సంఖ్యల లెక్క ఒకటి పట్టుకొచ్చింది. పుస్తకంలో ముప్పావు పేజీ ఆక్రమించుకున్న లెక్కని ఆ అమ్మాయి ఒక వృత్తం గీసి, ఆ సంఖ్యల్ని దాని మీద గుండ్రంగా పేర్చి, రెండు లైన్లలో తేల్చేసింది.

"ఏవండీ, ఈ అమ్మాయి వృత్తం గీసింది. వృత్తం మీది గదా, మీరు చూడండి" అన్నాడు టూ-ఏ ఆయన నాతో.

"వృత్తం నాదే. దాని మీద తిరిగేవి మీ సంఖ్యలు. తిరుగుడు నాది కాదు" అన్నాను నేను.

స్టాఫ్ రూమంతా నవ్వింది. నేను బాగా అన్నాననుకున్నాను. ఆ అమ్మాయి పుస్తకం మూసుకుని వెళ్లిపోయింది. లెక్క సరిగ్గానే చేసింది. ఆ మాట ఆమెకి మాలో ఒక్కరమూ చెప్పలేదు.

ఇక చేను సంగతి. మా మేనత్తని దివిసీమలో ఇచ్చారు. అవనిగడ్డ దాటాక బస్సు దిగి మూడు మైళ్లు నడవాలి. నా కాళ్ల లెక్కలో ఏడు. మావయ్య పోయి అప్పటికి మూడేళ్లు. వ్యవసాయం అత్తయ్యే చేసుకునేది. ఆయనా, ఆయన తమ్ముడూ పంచుకోకుండా ఉంచిన నాలుగెకరాలు ఆ ఏడు అత్తయ్యా, మరిదీ పంచుకోవాలనుకున్నారు. పక్కపక్కనే రెండు చేలు, మధ్యలో ఒక ఉమ్మడి గట్టు. ఒకటి పలకలాగా నాలుగు మూలలూ సూటిగా ఉంటుంది. రెండోది మురుగుకాలవని ఆనుకుని, కాలవ ఎటు వంగితే అటు, కల్లు తాగినవాడు భుజం వాల్చినట్టు ఒరిగి ఉంటుంది. సూటి చేను మరిది దున్నుతున్నాడు, ఒరిగిన చేను అత్తయ్య దున్నుతోంది. అదే ఖాయం చేసి కాగితం రాసుకుందామన్నారు. చెరి రెండెకరాలు, సమానం.

సమానమని తేల్చింది ఊరి పెద్దాయన. ఆ ఊళ్లో కొలత గొలుసు ఆయన ఇంట్లోనే ఉండేది. సర్వేయరుని పిలవడమంటే పెద్దాయన్ని చెంపదెబ్బ కొట్టినట్టు, ఎవరూ పిలవరు. గొలుసుకి ఒక ఆచారం ఉంది. అది గట్టు మీదే నడుస్తుంది, పచ్చటి చేలోకి దిగదు. చేలో పైరుండగా ఇనప గొలుసు ఈడిస్తే ఆ చేను అలుగుతుందట. కాబట్టి నాలుగు గట్లూ కొలుస్తారు, అంతే. తర్వాత ఎదురెదురు గట్లు కలిపి సగం చేస్తారు. ఆ రెండు సగాల్నీ గుణిస్తారు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు, నూరు సెంట్లు ఎకరం. దీన్ని అక్కడ సగం లెక్క అంటారు. తాతల నాటి నుంచీ అదే లెక్క.

మరిది చేను ఐదు వందలు, నాలుగు వందలు. రెండెకరాలు కచ్చితంగా. అత్తయ్య చేనుకి నాలుగు వందలూ నాలుగు వందల ఇరవై కలిపి సగం చేస్తే నాలుగు వందల పది. ఐదు వందలూ నాలుగు వందల ఎనభై కలిపి సగం చేస్తే నాలుగు వందల తొంభై. గుణిస్తే రెండు లక్షల తొమ్మిది వందలు. రెండెకరాల మీద సెంటుకి కాస్త తక్కువ. పెద్దాయన ఈ గుణకారం కళ్లు మూసి తెరిచేలోగా, నా మాటల్లో చెప్పాలంటే మూయకముందే, చేసేశాడు.

"చూశావా అమ్మాయ్, మగదిక్కు లేనిదానివని సెంటు ముక్క నీకే ఎక్కువ పడేట్టు చూశాను" అన్నాడట.

అత్తయ్య ఐదో తరగతి దాకా చదివింది. గుణకారం తప్పలేదని ఆమెకి తెలుసు. చేను తక్కువని కూడా తెలుసు. ఎలాగంటే, నారు మిగిలేది. రెండెకరాలకి నూరు కట్టల నారు చొప్పున వేసుకుంటే, నాట్లు అయ్యాక ప్రతి ఏడూ గట్టు మీద తొమ్మిది కట్టలు మిగిలిపోయేవి. మూడేళ్లూ తొమ్మిదే. అదే నాట్ల ముఠా, అదే వారంలో, మరిది చేలో నాటితే అక్కడ ఒక్క కట్టా మిగల్లేదు. ఇంతకన్నా శుభ్రమైన ప్రయోగం నేను ఏ ల్యాబులోనూ చూడలేదు. కానీ నారు కట్టల్ని కాగితం మీద రాయరు.

దసరా వెళ్లిన రెండో వారంలో కాగితం రాయడానికి రోజు పెట్టారు. అది రాసి వేలిముద్రో సంతకమో పడిందంటే ఆ గట్టు ఇక ఎవరూ కదపలేరు. ఆమె చేతిలో పదహారు రోజులున్నాయి. నాలుగు అంకెలూ సిగరెట్ పెట్టె అట్ట మీద రాయించుకుని, ఉదయం బస్సెక్కి అవనిగడ్డ, చల్లపల్లి, పామర్రు మీదుగా గుడివాడ వచ్చింది. మేనల్లుడు లెక్కల లెక్చరరు కదా అని.

ఆ రోజు నేను ఊళ్లో లేను. బందరులో పెళ్లికి వెళ్లాను. ఆ పెళ్లి సంగతి చెప్పి తీరాలి. వడ్డించిన లడ్డూ ఒక్కోటి పిల్లాడి తలకాయంత. వడ్డించేవాడికి చెయ్యి నొప్పి పుట్టి పక్కవాడు అందుకున్నాడు. నేను పదకొండు తిన్నాను, పన్నెండోది తింటుండగా పెళ్లికొడుకే వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. మొత్తానికి నేను బందరులో విస్తరి ముందున్న వేళకి, అత్తయ్య గుడివాడలో మా స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి ఉంది. లోపల వన్-బి ఆయన ఒక్కడే కూర్చుని సమాధాన పత్రాలు దిద్దుకుంటున్నాడు.

ఆమె అట్ట ముక్క చూపించింది. చేను ఒరిగి ఉందనీ, నారు మిగులుతోందనీ చెప్పింది. ఆయన ఎర్ర పెన్ను కింద పెట్టకుండానే చూశాడు.

"నాలుగు వైపులూ ఇస్తే వైశాల్యం ఎట్టా వస్తదమ్మా. మూలలు తెలియాలి" అన్నాడు.

"మూల ఒరిగుంది బాబూ. అందుకేగా వచ్చింది."

"మూలంటే త్రికోణమితి. అది నా పేపరు కాదు. అసలిది కాలేజీ లెక్కే కాదు, మీ ఊళ్లో బళ్లో మాస్టారుంటే ఆయన్నడుగు."

ఆమె ఇంకో నిమిషం నిలబడిందట. ఆయన మళ్లీ తలెత్తలేదు. కుర్చీ చూపించలేదు, మంచినీళ్లు అడగలేదు. నాలుగు గంటలు బస్సులో కూర్చుని వచ్చిన మనిషి మళ్లీ నాలుగు గంటలు కూర్చుని వెళ్లిపోయింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ ఎర్ర పెన్నుని రెండు ముక్కలుగా విరవాలనిపిస్తుంది. నాలుగు పేపర్లుగా కోసినవాళ్లు ఎక్కడో ఉన్నారు, వాళ్లని నేను చూడలేదు. కానీ వాళ్లు గీసిన గీత మీద గోడ కట్టి, గోడ మీద కూర్చుని, కింద నిలబడ్డ మనిషిని చూసి నాది కాదు అన్నవాణ్ణి మాత్రం నేను క్షమించను. దేవుడు చేను గీసినప్పుడు ఇది వన్-బి, ఇది టూ-బి అని రాళ్లు పాతలేదు.

దారి లేక అత్తయ్య మర్నాడు పెద్దాయన అరుగు ముందుకి తనే వెళ్లింది. నారు సంగతి చెప్పింది. అరుగు మీద పదిమంది ఉన్నారు.

"నారు మిగిలితే తప్పు నా గొలుసుదా అమ్మాయ్, నాటినోళ్ల చేతిదా?" అన్నాడు పెద్దాయన.

"అదే ముఠా మా మరిది చేలోనూ నాటింది మావయ్యగారూ. అక్కడ మిగల్లేదే?"

"ఆడి చేలో వాళ్లు ఆడికి భయపడి దగ్గరగా నాటుంటారు. నువ్వు మెత్తనిదానివి."

పదిమందీ నవ్వారు. మరిది కూడా నవ్వాడు. ఆమె చెప్పినదాంట్లో అన్నింటికన్నా గట్టి సాక్ష్యం అదే, దాన్నే నవ్వుకి వాడుకున్నారు.

తొమ్మిది రోజుల తర్వాత మళ్లీ గుడివాడ వచ్చింది. ఈసారి నేనున్నాను. కాలేజీ బయట సోడా బండి దగ్గర నిలబడి అట్ట ముక్క నా చేతిలో పెట్టింది. అప్పటికే చెమటకి అంకెలు అలుక్కుపోయి ఉన్నాయి.

"ఒరే అబ్బాయ్, నాకు లెక్క చేసి పెట్టొద్దు. ఈ లెక్క తప్పా, నా కళ్లు తప్పా, అది చెప్పు చాలు. నా కళ్లు తప్పైతే ఎల్లి సంతకం పెట్టేస్తా."

నేను సెలవు చీటీ రాసి, చల్లపల్లి బస్సులో ఆమె పక్కన కూర్చున్నాను. పామర్రు దాకా నేను చేసిన పనికి సిగ్గుపడాలి. వైశాల్యమంటే నాకు సమాకలనం. సమాకలనం చేయాలంటే వక్రానికి సమీకరణం కావాలి. మా అత్తయ్య చేనుకి సమీకరణం లేదు. ఉన్నది నాలుగు గట్లు. నాలుగు గట్లతో చేను ఆకారం తేలదు, కాబట్టి జవాబు రాదు అని తేల్చేసి అదే ఆమెకి చెప్పాను.

"జవాబు రాదని పెద్దాయనకి ఎందుకు తెలీదు మరి? ఆయనకి వచ్చిందిగా?"

నేను చేతిలో టికెట్ మడత పెట్టుకుంటూ కూర్చున్నాను.

"మంచం చూడు" అంది ఆమె. "కోళ్లు వదులై ఒరిగిపోద్ది. పట్టెలు పొట్టివవుతాయా? కావు. కానీ చాప పరిస్తే పట్టదు. అవునా? నా చేను ఒరిగిన మంచం. నాలుగు పట్టెలూ కొలిచి పడుకునే చోటు ఇంతని చెప్తే ఎట్టా?"

నేను జేబులోంచి పెన్ను తీశాను. నాకు కావలసింది జవాబు కాదు. ఆ చేను ఎంత అన్నది కాదు ప్రశ్న. ఎంతకి మించదు అన్నది ప్రశ్న.

టికెట్ వెనక రాశాను. టికెట్ చాలక చేతి మీద రాశాను. నా మామూలు ధోరణిలో అయితే బస్సు పైకప్పు మీద కూడా రాశానని చెప్పాలి, కానీ లెక్క అంత చిన్నది. చేనుని మూల నుంచి మూలకి కోస్తే రెండు త్రిభుజాలు. మిగతా రెండు మూలల మధ్య కోస్తే ఇంకో రెండు. ఈ నాలుగూ కలిపితే చేనుకి సరిగ్గా రెట్టింపు. ప్రతి త్రిభుజానికీ పక్కపక్కనున్న రెండు గట్లు రెండు భుజాలు. రెండు భుజాలు ఖాయమైనప్పుడు త్రిభుజం వాటి లబ్ధంలో సగానికి మించి పెరగలేదు. మూల సూటిగా, లంబకోణంలో ఉంటేనే ఆ సగం, ఏ పక్కకి ఒరిగినా తగ్గుదలే. సైను ఒకటి దాటదు అని వన్-ఏలో వల్లె వేయించే మాటకి అర్థం అదే, ఒరిగిన మంచానికి చాప పట్టదని. ఇక నాలుగు లబ్ధాల్నీ కలిపితే, ఎనిమిదో తరగతి కారణాంకాల ప్రకారం, ఎదురు గట్ల మొత్తాలు రెండింటినీ గుణించినంత అవుతుంది. సగాలూ రెట్టింపులూ సర్దేస్తే మిగిలింది పెద్దాయన సగం లెక్కే.

అంటే సగం లెక్క చేను కాదు. చేను చేరగలిగిన పైహద్దు. చేను పలకలా సూటిగా ఉంటే రెండూ ఒకటి. ఏ కొంచెం వంకరున్నా సగం లెక్క ఎక్కువే చెప్తుంది. ఎప్పుడూ ఎక్కువే, ఒక్కసారి కూడా తక్కువ చెప్పదు. వంకర చేను వచ్చినవాడు ప్రతిసారీ మోసపోతాడు, సూటి చేను వచ్చినవాడు ప్రతిసారీ గెలుస్తాడు. తాతల నాటి నుంచీ.

చల్లపల్లిలో బస్సు మారేటప్పుడు నాకు సంతోషం కలగాలి. కోపం వచ్చింది. ఇందులో ఏ ముక్కా నాకు కొత్తది కాదు. త్రిభుజం తెలుసు, సైను తెలుసు, కారణాంకాలు తెలుసు. పదేళ్లుగా నా తలలోనే వేర్వేరు గదుల్లో తలుపులు వేసుకుని కూర్చున్నాయి. ఒకదాన్నొకటి పలకరించుకోవడానికి మంచం కోడు కావలసి వచ్చింది.

"నీ కళ్లు తప్పు కాదు అత్తయ్యా."

"ఎంత తక్కువ?"

"అది చెప్పాలంటే కర్ణం కొలవాలి. మూల నుంచి మూలకి, చేను మధ్య నుంచి."

"గొలుసు దిగదుగా" అంది.

దిగలేదు. మర్నాడు పొద్దున గట్టు మీద పెద్దాయనా, మరిదీ, నవ్వినవాళ్లలో నలుగురూ నిలబడ్డారు. పైరు నడుమెత్తు ఉంది. కర్ణం ఒక్కటి కొలవనివ్వండి అని నేను చేతులు జోడించాను.

"మాస్టారూ, పచ్చటి చేలో ఇనుము దించను."

"కోత కొడవలి ఇనుము కాదా మావయ్యగారూ?" అంది అత్తయ్య.

"అది కోతకి. పంట పండాక. నీకు తెలీదా అమ్మాయ్."

నేను ఏదో గట్టిగా అనబోయాను. అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె ఇంటి దగ్గర జాకెట్లు కుట్టేది, ఊళ్లో సగం మందికి. "పెద్ద కొలత తీసుకోనివ్వకపోతే చిన్న కొలత తీసుకో. నమూనా చిన్న కాయితం మీద గీసుకుని పెంచుకోనూ నేను? పెంచితే పొడుగులు మారతాయి గాని మూల మారదు."

అప్పుడు వెలిగింది నాకు. నాలుగు వందల గట్టూ, ఐదు వందల గట్టూ కలిసే మూల దగ్గరికి వెళ్లాం. ఒక గట్టు మీద నలభై లింకులు, రెండో గట్టు మీద యాభై లింకులు, అంటే పదో వంతు. ఆమె ఇటు, నేను అటు, మధ్యలో పశువుల్ని కట్టే పలుపుతాళ్లు ముడేసి పైరు మీదుగా బిగలాగాం. ఇనుము కాదు, కాలూ దిగలేదు. ఆ తాడుని గట్టు మీద పరిచి పెద్దాయన గొలుసుతోనే, పెద్దాయన చేతే కొలిపించాం. డెబ్బై ఆరు లింకులు.

"మూల సూటిగా ఉంటే అరవై నాలుగు రావాలండీ" అన్నాను. "డెబ్బై ఆరొచ్చింది. కర్ణం దీనికి పదింతలు, ఏడు వందల అరవై."

త్రిభుజం మూడు భుజాలూ తెలిస్తే వైశాల్యం కట్టే సూత్రంతో రెండు త్రిభుజాలూ కట్టి కలిపాను. ఎకరం ఎనభై రెండు సెంట్లు. పద్దెనిమిది సెంట్లు తక్కువ. రెండెకరాల్లో నూటికి తొమ్మిది. మిగిలిన నారు నూరు కట్టల్లో తొమ్మిది. అత్తయ్య గట్టు మీద మూడేళ్లుగా లెక్క చేస్తూనే ఉంది, మేం చదవలేదు.

పెద్దాయన తెలివితక్కువవాడు కాదు. తాడుని ఇంకోసారి కొలిచాడు. మూల వైపు చూశాడు.

"మీరు చెప్పింది తప్పని నేననను మాస్టారూ" అన్నాడు చివరికి. "కానీ ఈ ఊళ్లో సూటి చేలెన్ని? ఈ ఒక్కటి ఒప్పుకుంటే రేపు నా అరుగు మీద అరవై మంది. అన్నదమ్ములు తలకాయలు బద్దలుకొట్టుకుంటారు. సగం లెక్క తప్పో ఒప్పో, అందరికీ ఒకటే తప్పు. అందరికీ ఒకటే అయితే అది న్యాయమే."

నేను పిచ్చెత్తిపోయాను. అందరికీ ఒకటే తప్పు కాదండీ, సూటి చేనుకి సున్నా తప్పు, వంకర చేనుకి పద్దెనిమిది సెంట్ల తప్పు అని అరిచాను. సైనూ కారణాంకాలూ అన్నీ వరసపెట్టి అక్కడే చెప్పాను. చెప్పినకొద్దీ వాళ్ల మొహాల్లో గౌరవం పెరుగుతోంది, ఒప్పుకోలు తగ్గుతోంది. రుజువు ఉంటే చాలు మనుషులు ఒప్పుకుంటారని మాకు చెప్పి పెట్టిన చదువు మీద ఆ గట్టు మీదే నాకు నమ్మకం పోయింది.

అత్తయ్య నన్ను పక్కకి జరిపి మరిది వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"ఏవయ్యా, రెండూ సమానమేగా?"

"సమానమే వదినా. పెద్దాయనే చెప్పారుగా."

"నాకే సెంటు ముక్క ఎక్కువని కూడా చెప్పారు. ఎందుకొచ్చిన ఎక్కువ, నాకొద్దు. నా చేను నువ్వు తీసుకో, నీ చేను నాకివ్వు. ఇప్పుడే రాసేసుకుందాం."

మరిది కాలవ వైపు చూశాడు, పెద్దాయన వైపు చూశాడు.

"అలవాటైన చేను వదినా" అన్నాడు.

"మూడేళ్లు నేనూ అలవాటుపడ్డా. కొత్త అలవాటు చేసుకుంటాలే."

"కాలవ నీళ్లు…"

"రెండింటికీ ఒకటే కాలవ. ఇంకా చెప్పు."

ఇంకేమీ చెప్పలేదు. ఆ మౌనం కంటే పెద్ద రుజువు నేను చదువుకున్న చోట ఎక్కడా లేదు. సమానమైతే మార్చుకోవచ్చు. మార్చుకోనంటున్నావు, కాబట్టి సమానం కాదు. దానికి కర్ణం అక్కర్లేదు, సైను అక్కర్లేదు. నాలుగు పేపర్లలో ఏ పేపరు కిందా రాదది. నవ్విన నలుగురిలో ఒకాయన తల దించుకున్నాడు. పెద్దాయన గొలుసు చుట్టడం మొదలుపెట్టాడు. సగం చుట్టాక, చేతుల్లోకి చూస్తూనే అడిగాడు.

"ఎంత జరపాలంటారు మాస్టారూ?"

అప్పుడు మాత్రం నా అంకె పనికొచ్చింది. పద్దెనిమిదిలో సగం తొమ్మిది సెంట్లు. ఉమ్మడి గట్టు ఐదు వందల లింకులు, దాన్ని మరిది వైపు పద్దెనిమిది లింకులు జరిపితే సరిగ్గా తొమ్మిది సెంట్లు. కోతలయ్యాక జరపాలి, కాగితంలో మాత్రం ఇప్పుడే రాయాలి అంది అత్తయ్య. రాశారు. ఆ సంక్రాంతి ముందు ఆమె కొత్త గట్టు వేయించింది. నేను చూశాను. నా కళ్లకి అది కృష్ణ కరకట్టంత కనిపించింది. నిజానికి మోకాలెత్తు.

గుడివాడ తిరిగొచ్చి ఆ చేను బొమ్మ గోడౌనంత బోర్డు నిండా గీసి పిల్లలకి చెప్పాను. మూడు వందల మందీ గుడ్లప్పగించి విన్నారు. నాలుగు రంగుల నోటు పుస్తకాల్లో దేంట్లో రాసుకోవాలో తెలియక కొందరు చేతుల మీద రాసుకున్నారు. సాయంత్రం ప్రిన్సిపాలు పిలిచాడు.

"ఏ పేపరు కింద చెప్పారు సార్ అది?"

"చేను కిందండీ."

"పరీక్షలో వస్తదా?"

"పొలంలో వస్తదండీ."

గంట పాఠం వృథా చేసినందుకు సంజాయిషీ రాసిమ్మన్నాడు. రాయలేదు. ఇంకో ఏడాదిన్నర మాత్రమే అక్కడ పనిచేశాను. ఇప్పటికీ ఊరూరా అదే కోత, అవే కుండలు. పిల్లలు సైనుని ఒక పుస్తకంలో, త్రిభుజాన్ని ఇంకో పుస్తకంలో పాతిపెట్టి, పైన మార్కుల రాయి నిలబెడుతున్నారు. నా కోపం చల్లారకపోవడానికి కారణం అదే అని అందరితో చెప్తుంటాను. పూర్తిగా అది కాదు.

ఇందులో నేను కల్పించింది ఒకటుంది. లడ్డూల పరిమాణం కాదు. బందరులో ఆ రోజు నాకు తెలిసి ఏ పెళ్లీ జరగలేదు. వన్-బి ఆయన జ్వరంతో ఆ వారమంతా సెలవులో ఉన్నాడు, పాపం ఆయన మంచివాడు. స్టాఫ్ రూమ్‌లో ఎర్ర పెన్నుతో ఒక్కణ్ణే కూర్చున్నది నేను. గుమ్మంలో ఉన్నది మా మేనత్త అని గుర్తుపట్టే అన్నాను ఆ మాటలన్నీ, 'అమ్మా' అని కాదు, 'అత్తయ్యా' అని. ఆమెని చూసి అరుగు మీద పదిమంది నవ్వింది నేను పంపించేస్తేనే. తొమ్మిది రోజుల తర్వాత సోడా బండి దగ్గర ఆమె మొదటిసారి వచ్చినట్టే మాట్లాడింది, ఆ తర్వాత కూడా ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. నేనే ఎత్తుదామని ఆమె ఉన్నన్నాళ్లూ అనుకున్నాను.